పెరటి తోటకు నీలి ఎవాల్వులస్: ఎండను కోరి, నిలువ నీటిని సహించని మొక్క

తెలుగు ప్రాంతాల తోటలలో తెలుపు, ఎరుపు, పసుపు రంగుల పూలకు కొదవ లేదు. మల్లె, మందార, బంతి, చేమంతి, నూరువరహాలు ఏదో ఒక ఋతువులో ప్రతి పెరటిలోనూ కనిపిస్తాయి. నీలిరంగు విషయానికి వచ్చేసరికి ఎంపికకు అవకాశం తక్కువ. శంఖుపుష్పం తీగ జాతి కనుక దానికి పందిరి గాని, కంచె గాని ఆధారంగా కావాలి. నీలి ప్లంబాగో పెద్ద పొదగా విస్తరిస్తుంది. డిసెంబరాలు చలికాలంలో మాత్రమే పూస్తాయి. కుదురుగా, పొట్టిగా, ఏడాది పొడవునా ఆకుపచ్చగా ఉంటూ నీలి పూలనిచ్చే బహువార్షిక మొక్క కావాలనుకునేవారికి నీలి ఎవాల్వులస్ తగినది. నర్సరీలలో ఇది ‘బ్లూ డేజ్’ అనే పేరుతోను, కొన్నిచోట్ల ‘విష్ణుక్రాంత’ అనే పేరుతోను లభిస్తుంది.

ఈ మొక్కను పెంచేవారు తరచుగా ఒక సమస్యను ఎదుర్కొంటారు. వేసవి అంతా నిండుగా పూసిన మొక్క ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మధ్యభాగం నల్లబడి, కొద్ది రోజులలోనే కొమ్మలన్నీ వాలిపోయి చనిపోతుంది. ఎండకు తట్టుకున్న మొక్క వానకు నశించడం చాలామందికి అర్థం కాదు. దీనికి కారణం మొక్క స్వభావంలోనే ఉన్నది. ఆ స్వభావాన్ని గ్రహించి స్థలం, మట్టి, నీరు అనే మూడింటిని సరిచూసుకుంటే ఈ మొక్కను కొన్ని సంవత్సరాలపాటు సులభంగా నిలుపుకోవచ్చు.

పుట్టుక, పేరు

నీలి ఎవాల్వులస్ శాస్త్రీయ నామం ఎవాల్వులస్ గ్లోమరేటస్. దీనిని 1823లో నీస్, మార్షియస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు వర్ణించారు. దీని జన్మస్థానం దక్షిణ అమెరికా, ముఖ్యంగా బ్రెజిల్. చిలగడదుంప, తూటికూర చెందిన కన్వాల్వులేసి కుటుంబానికే ఇదీ చెందినది.

కుటుంబానికి పేరునిచ్చిన ‘కన్వాల్వులస్’ అనే మాటకు లాటిన్ భాషలో చుట్టుకొనేది అని అర్థం. ‘ఎవాల్వులస్’ అనే మాట దానికి వ్యతిరేకంగా, చుట్ట విప్పడం అనే అర్థం గల క్రియ నుండి ఏర్పడినది. ఈ కుటుంబంలోని అనేక మొక్కలు తీగలుగా ఆధారాన్ని చుట్టుకొని పైకి పాకుతాయి. ఎవాల్వులస్ ప్రజాతి మొక్కలు మాత్రం దేనినీ చుట్టుకోవు. అందువల్ల నీలి ఎవాల్వులస్‌కు పందిరి అవసరం లేదు. పక్కనున్న మొక్కలను అల్లుకొని అణచివేస్తుందన్న భయమూ లేదు.

వృక్ష లక్షణాలు

ఈ మొక్క సాధారణంగా 25 నుండి 30 సెం.మీ. ఎత్తు పెరిగి, 60 నుండి 90 సెం.మీ. వరకు పక్కలకు విస్తరిస్తుంది. కాండం మొదట్లో మెత్తగా ఉండి, వయసు పెరిగేకొద్దీ అడుగుభాగం కొయ్యబారుతుంది. ఆకులు అండాకారంలో, సుమారు 2 సెం.మీ. పొడవు ఉంటాయి. ఆకులమీద, లేత కొమ్మలమీద వెండి వన్నె గల సన్నని నూగు దట్టంగా ఉంటుంది. దీనివల్లనే మొక్క దూరం నుండి బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది.

పువ్వు గరాటు ఆకారంలో విప్పారి, 2 నుండి 2.5 సెం.మీ. వెడల్పు ఉంటుంది. ఐదు ఆకర్షణ పత్రాలు కలిసిపోయి ఉంటాయి. పువ్వు నీలిరంగులో ఉండి, నడుమ తెల్లని చుక్క కలిగి ఉంటుంది. ఒక్కొక్క పువ్వు ఒక్క రోజు మాత్రమే ఉంటుంది. ఉదయం ఎండ రాగానే విచ్చుకొని, మధ్యాహ్నం దాటాక ముడుచుకుపోతుంది. మరునాడు కొత్త మొగ్గలు విచ్చుకుంటాయి. మబ్బు పట్టిన రోజున పూలు సగమే తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు.

ఈ లక్షణాన్ని తెలియక కొందరు సాయంత్రం ముడుచుకున్న పూలను చూసి మొక్కకు నీరు చాలలేదని భావిస్తారు. మరికొంత నీరు పోస్తారు. పూలు ముడుచుకోవడం మొక్క దినచర్యలో భాగమే కాని దాహానికి గుర్తు కాదు.

స్థలం ఎంపిక

రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. నీడలో పెంచితే కొమ్మలు వెలుతురు కోసం సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, మొక్క కుదురైన ఆకారాన్ని కోల్పోతుంది. పూలు బాగా తగ్గుతాయి. పెద్ద చెట్ల కిందను, ఉత్తరపు గోడను ఆనుకొని నీడ పడే చోటను దీనిని నాటరాదు.

పూలు ఉదయం విచ్చుకుంటాయి కనుక ఇంటివారు ఉదయం వేళ తిరిగే చోట నాటడం మేలు. తూర్పు ముఖంగా ఉన్న ఇంటి ముంగిలి, నడకదారి అంచు, తులసికోట పరిసరాలు, ఎండ పడే మేడ గోడ ఇందుకు అనువైనవి. సాయంత్రం మాత్రమే కూర్చునే చోట నాటితే పూల అందం చూసే భాగ్యం కలుగదు.

సముద్రపు గాలిలోని ఉప్పును ఈ మొక్క చాలావరకు తట్టుకుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడా, హవాయి తీరప్రాంత తోటలలో దీనిని విరివిగా వాడడానికి ఇది ఒక కారణం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలోని ఇళ్ళకు ఈ గుణం ఉపయోగపడుతుంది. అయితే గాలిలోని ఉప్పును సహించడం వేరు, నీరు నిలిచే నేలను సహించడం వేరు. తీరప్రాంతంలోనైనా మురుగు పోయే సౌకర్యం తప్పనిసరి. ఈ మొక్క మంచును తట్టుకోలేదు కాని, మన మైదాన ప్రాంతాలలో ఆ సమస్య ఉండదు.

నేల, మట్టి మిశ్రమం

నీరు త్వరగా ఇంకిపోయే తేలికపాటి నేలలు శ్రేష్ఠం. తెలంగాణలోని చల్కా నేలలు, రాయలసీమలోని ఎర్ర గరప నేలలు, కోస్తాలోని ఇసుక కలిసిన నేలలు ఇందుకు అనుకూలిస్తాయి. ఉదజని సూచిక 6 నుండి 7 వరకు ఉండడం మంచిది. నేల అతి సారవంతంగా ఉండవలసిన అవసరం లేదు.

నల్లరేగడి నేలలలో నేరుగా నాటరాదు. రేగడి మట్టి నీటిని పట్టి ఉంచి, వర్షాకాలంలో వేళ్ళకు గాలి అందకుండా చేస్తుంది. రేగడిలో కొద్దిపాటి ఇసుక కలిపినందువల్ల ప్రయోజనం అంతగా ఉండదు. నేలమట్టానికి 20 నుండి 30 సెం.మీ. ఎత్తున ఎర్రమట్టి, ముతక ఇసుకలతో మడి కట్టి, అందులో నాటడమే సరైన మార్గం. మడి చుట్టూ నీరు పోయే కాలువ ఉండాలి.

కుండీలకు ఎర్రమట్టి 2 పాళ్ళు, ముతక ఇసుక 1 పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గాని వర్మికంపోస్టు గాని 1 పాలు కలిపిన మిశ్రమం సరిపోతుంది. కుండీ అడుగున రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో నాటే ముందే పరీక్షించాలి. మట్టి కుండీల గోడల ద్వారా తేమ ఆవిరవుతుంది కనుక ప్లాస్టిక్ కుండీల కంటె మట్టి కుండీలు ఈ మొక్కకు మేలు. కుండీ కింద నీరు నిలిచే పళ్ళెం పెట్టరాదు.

ప్రవర్ధనం

తోటలలో ఈ మొక్కను కొమ్మ ముక్కల ద్వారా ప్రవర్ధనం చేస్తారు. మరీ లేతగాను, మరీ ముదురుగాను కాక, సగం ముదిరిన కొమ్మల చివరల నుండి 8 నుండి 10 సెం.మీ. పొడవు ముక్కలను కణుపు కింద కత్తిరించాలి. అడుగు సగభాగంలోని ఆకులను, పైనున్న మొగ్గలను తొలగించాలి. ఇసుక, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపి తడిపిన మిశ్రమంలో ఒక కణుపు లోపలికి దిగేటట్లు గుచ్చాలి. వెలుతురు ఉండి నేరుగా ఎండ తగలని చోట ఉంచితే సాధారణంగా 3 నుండి 4 వారాలలో వేళ్ళు వస్తాయి. మిశ్రమం చెమ్మగా ఉండాలే కాని నీరు కారేటట్లు ఉండరాదు.

ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనువైన కాలం. దీనితోపాటు మే చివరలో మరికొన్ని ముక్కలను వేళ్ళు తెప్పించి, వాన తగలని చూరు కింద ఉంచుకోవడం మంచి అలవాటు. వర్షాకాలంలో తల్లి మొక్క పోయినా, తిరిగి నర్సరీకి వెళ్ళే పని లేకుండా సొంత నారు చేతిలో ఉంటుంది.

నాటే విధానం

నాటడానికి అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు మంచి సమయం. ఈశాన్య ఋతుపవనాల వానలు ఎక్కువగా పడే దక్షిణ కోస్తా జిల్లాలలో డిసెంబరు దాటాక నాటడం క్షేమం. ఇప్పుడు నాటిన మొక్క వేసవి నాటికి వేళ్ళు బాగా దింపుకొని, ఎండలో నిండుగా పూస్తుంది. వానాకాలం ఆరంభంలో నాటిన లేత మొక్కకు అటువంటి గడువు దొరకదు.

మొక్కల మధ్య 40 సెం.మీ. దూరం పాటిస్తే చదరపు మీటరుకు సుమారు 6 మొక్కలు పడతాయి. 10 మీటర్ల నడకదారి అంచున ఒకే వరుసగా నాటడానికి 26 మొక్కలు కావాలి. త్వరగా నిండుగా కనిపించాలన్న తొందరలో దగ్గర దగ్గరగా నాటితే కొమ్మల నడుమ గాలి ఆడక తెగుళ్ళకు అవకాశమిచ్చినట్లవుతుంది. నాటేటప్పుడు మొక్క మొదలు చుట్టుపక్కల మట్టి కంటె కొంచెం ఎత్తులో ఉండాలి, పల్లంలో ఉండరాదు.

నీటి యాజమాన్యం

నాటిన మొదటి మూడు, నాలుగు వారాలు మట్టి పూర్తిగా ఎండిపోకుండా చూడాలి. వేరు నిలదొక్కుకున్న తరువాత తడికి, తడికి మధ్య పైమట్టి ఆరనివ్వాలి. మట్టిలో రెండు అంగుళాల లోతు వరకు వేలు గుచ్చి చూసి, పొడిగా అనిపించినప్పుడే నీరు పోయాలి. క్యాలెండరును బట్టి కాక మట్టిని బట్టి నీరు పెట్టడమే ఇందులో కీలకం. వేసవిలో చిన్న కుండీలకు ప్రతిరోజూ నీరు అవసరం కావచ్చు. నేలలో నాటిన మొక్కలకు మూడు రోజులకొక తడి సరిపోవచ్చు. చలికాలంలో ఈ వ్యవధి ఇంకా పెరుగుతుంది. వానలు పడే రోజులలో నీరు పెట్టవలసిన పనే ఉండదు.

మొక్క వాలిపోవడానికి రెండు విరుద్ధ కారణాలు ఉంటాయి. వాటిని వేరుగా గుర్తించలేకపోవడం వల్లనే ఎక్కువ మొక్కలు చనిపోతున్నాయి. మధ్యాహ్నపు ఎండలో వాలి, సాయంత్రానికి తిరిగి తేరుకుంటే అది ఎండ తీవ్రత వల్ల కలిగిన వాడు. మట్టి పొడిగా ఉంటే నీరు పోస్తే చాలు. అట్లా కాక తెల్లవారు వేళ చల్లదనంలో కూడా మొక్క వాలి ఉండి, మట్టి తడిగా ఉంటే అది వేరుకుళ్ళుకు గుర్తు. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందువల్ల తడి మట్టిలో ఉన్నా పై కొమ్మలు దాహంతో ఉన్నట్లే వాలిపోతాయి. ఈ స్థితిలో మరింత నీరు పోస్తే మిగిలిన వేరు కూడా కుళ్ళిపోతుంది.

నీటిని మొక్క మొదట్లోనే పోయాలి. ఆకులమీది నూగు పొడి వాతావరణంలో ఎండ వేడిమిని, నీటి నష్టాన్ని తగ్గించి మొక్కను కాపాడుతుంది. కాని అదే నూగు వానాకాలంలో నీటిని పట్టి ఉంచి, ఆకులు త్వరగా ఆరకుండా చేస్తుంది. సాయంత్రం వేళ పైనుండి తుంపర నీరు చల్లడం వల్ల రాత్రంతా ఆకులు తడిగా ఉండి శిలీంద్రాలు వ్యాపిస్తాయి.

ఎరువులు, కత్తిరింపులు

నాటేటప్పుడు వేసిన మాగిన ఎరువు మొదటి కొన్ని నెలలకు సరిపోతుంది. ఆ తరువాత పూత కాలంలో నెలకు ఒకసారి, నీటిలో కరిగే 19:19:19 ఎరువును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి మొదట్లో పోయవచ్చు. వానాకాలంలో ఎరువులు ఆపివేయాలి. యూరియా వంటి నత్రజని ఎరువులు అధికంగా వేస్తే ఆకులు పెరిగి పూలు తగ్గడమే కాక, మెత్తని లేత కొమ్మలు తెగుళ్ళకు సులభంగా లోనవుతాయి.

నాటిన నెల తరువాత కొమ్మల చివరలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా తయారవుతుంది. వాడిన పూలు వాటంతట అవే రాలుతాయి కనుక వాటిని ఏరివేసే శ్రమ లేదు. జూన్ ఆరంభంలో, తొలకరికి ముందు, మొక్కలో మూడోవంతు వరకు కత్తిరించి, మధ్యలో చిక్కుపడిన కొమ్మలను పలుచన చేయాలి. ఇది అందం కోసం చేసే కత్తిరింపు కాదు, మొక్క నడుమ గాలి ఆడడానికి చేసే ఏర్పాటు. కొంతకాలం పూలు తగ్గినా వర్షాకాలాన్ని మొక్క దాటగలుగుతుంది. ఆకులు లేని ముదురు కొయ్య భాగం వరకు కత్తిరిస్తే తిరిగి చిగురించకపోవచ్చు. అందువల్ల ప్రతి కొమ్మపైనా కొన్ని ఆకులు మిగల్చాలి. రెండు, మూడేళ్ళకు అడుగుభాగం బోసిపోయిన మొక్కల స్థానంలో కొమ్మ ముక్కల నుండి పెంచిన కొత్త మొక్కలను నాటుకోవాలి.

సస్యరక్షణ

ఈ మొక్కకు ప్రధాన శత్రువులు రైజోక్టోనియా, పిథియం వంటి శిలీంద్రాల వల్ల వచ్చే కుళ్ళు తెగుళ్ళు. మధ్య కొమ్మల ఆకులు గోధుమ రంగుకు తిరిగి, తడిగా ఒకదానికొకటి అంటుకొని ఉండడం తొలి లక్షణం. అటువంటి కొమ్మలను వెంటనే కత్తిరించి తోట బయట పారవేయాలి. రాలిన ఆకులను ఏరివేయాలి. కుండీలను వాన తగలని చోటికి మార్చాలి. అవసరమైతే కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదలు తడిసేటట్లు పోయాలి.

ముందు జాగ్రత్తగా ట్రైకోడెర్మా విరిడె పొడిని కిలో మాగిన పశువుల ఎరువుకు 20 గ్రాముల చొప్పున కలిపి, నాటే సమయంలో మట్టిలో వేయవచ్చు. ట్రైకోడెర్మా మేలుచేసే శిలీంద్రం కనుక దానిని, రాగి మందును ఒకేసారి వాడరాదు. రెండింటి మధ్య కనీసం 15 రోజుల వ్యవధి ఉండాలి.

పొడి వాతావరణంలో పిండినల్లి, తెల్లదోమ, పేనుబంక, నల్లి ఆశించవచ్చు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి పిచికారి చేస్తే అదుపులో ఉంటాయి. నూగు గల ఆకులు కనుక ముందు రెండు, మూడు కొమ్మలపై చల్లి, మరునాడు ఆకులు మాడలేదని నిర్ధారించుకున్నాకే మొక్కంతటికీ చల్లాలి. ఉదయం విచ్చుకున్న పూలపై తేనెటీగలు వాలుతాయి. కాబట్టి పూలు ముడుచుకున్న తరువాత, ఎండ తగ్గి ఆకులు ఆరడానికి ఇంకా సమయం ఉన్న నాలుగు గంటల ప్రాంతంలో పిచికారి చేయాలి.

విష్ణుక్రాంతకు, దీనికి తేడా

మన పొలం గట్లపైన, బీడు భూములలో, గులకరాళ్ళ నేలలలో సహజంగా పెరిగే విష్ణుక్రాంత కూడా ఎవాల్వులస్ ప్రజాతికే చెందినది. దాని శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. వినాయక చవితి నాడు సమర్పించే 21 పత్రాలలో విష్ణుక్రాంత ఒకటి. ఆయుర్వేదంలో శంఖపుష్పి అనే పేరుతో వాడే మొక్కలలో కూడా ఇది ఒకటి. ఆ పేరుతో ఉత్తర భారతంలో ఒక కన్వాల్వులస్ జాతిని, కేరళలో శంఖుపుష్పాన్ని వాడడం కూడా ఉన్నది. ఇన్ని మొక్కలకు ఒకే పేరు ఉన్నచోట నర్సరీవారు దక్షిణ అమెరికా మొక్కను ‘విష్ణుక్రాంత’ అని అమ్మడం వల్ల గందరగోళం మరింత పెరుగుతున్నది.

రెండింటినీ గుర్తించడం కష్టం కాదు. విష్ణుక్రాంత కొమ్మలు సన్నగా దారాల వలె నేలబారుగా పాకుతాయి. పువ్వు సాధారణంగా ఒక సెంటీమీటరు వెడల్పు మించదు, నీలిరంగు లేతగా ఉంటుంది. నీలి ఎవాల్వులస్ గుబురుగా పెరుగుతుంది. దాని పువ్వు రెండింతలకు పైగా పెద్దది, రంగు గాఢమైనది.

ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితమైనది కాదు. ఒకే ప్రజాతికి చెందినంత మాత్రాన రెండు జాతుల ఔషధ గుణాలు ఒకటి కావు. నర్సరీలో కొన్న అలంకరణ మొక్క ఆకులను విష్ణుక్రాంతగా భావించి కషాయాలలో, పొడులలో వాడరాదు. పైగా నర్సరీ మొక్కలపై పురుగుమందులు చల్లి ఉండే అవకాశం ఉన్నది. అదేవిధంగా పత్రి కోసం పొలం గట్లపైని విష్ణుక్రాంతను వేళ్ళతో సహా పెకలించకుండా పైకొమ్మలను మాత్రమే కోసుకుంటే, నేలలో మిగిలిన వేరు నుండి మొక్క తిరిగి చిగురించగలదు.

అయితే ఈ బంధుత్వం నుండి తోటమాలి నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. విష్ణుక్రాంత ఎక్కడ బాగా పెరుగుతున్నదో గమనిస్తే నీలి ఎవాల్వులస్‌కు ఏమి కావాలో తెలుస్తుంది. అది ఏ చెరువు గట్టు దిగువనో, బురద నేలలోనో కాక, నీడలేని, నీరు నిలవని గరప నేలలో కనిపిస్తుంది.

తోటలో వినియోగం

నడకదారుల అంచులకు, రాతితోటలకు, ఏటవాలు ప్రదేశాలకు, మేడపై కుండీలకు, వేలాడే బుట్టలకు ఈ మొక్క అనుకూలం. ఏటవాలులో నీరు నిలవదు కనుక అక్కడ ఇది ప్రత్యేకంగా రాణిస్తుంది. పసుపు లేదా తెల్లని పూలనిచ్చే, ఎండను కోరే పొట్టి మొక్కలతో కలిపి నాటితే నీలిరంగు స్పష్టంగా కనిపిస్తుంది. నాచుపూలు ఇందుకు మంచి జోడు, రెండింటి నీటి అవసరాలు దాదాపు ఒకటే. మెట్టతామర వంటి ఎక్కువ నీరు కోరే మొక్కలతో ఒకే మడిలో నాటరాదు. ఒకదానికి సరిపోయే తడి మరొకదానికి ప్రాణాంతకం అవుతుంది.

పాటించవలసిన ముఖ్యాంశాలు

మొదటిది, ఆరు గంటల ఎండ తగిలే, ఉదయం కంటికి ఎదురుగా ఉండే చోటును ఎంచుకోవాలి. రెండవది, రేగడి నేలలో ఎత్తు మడి కట్టకుండా నాటరాదు. మూడవది, పైమట్టి ఆరిన తరువాతే నీరు పోయాలి. నాలుగవది, తొలకరికి ముందు మొక్కను పలుచన చేసి, కొన్ని కొమ్మ ముక్కలకు వేళ్ళు తెప్పించి పెట్టుకోవాలి. ఐదవది, వాలిన మొక్కను చూడగానే నీటి చెంబు అందుకోక, ముందుగా మట్టిలో వేలు గుచ్చి చూడాలి. ఆ ఒక్క పరీక్షతోనే చాలా మొక్కలను కాపాడుకోవచ్చు.